వారానికొక గంట: రామచంద్రాపురం నుంచి తెరమీది సమావేశం దాకా

ఆంగ్లంలోని 'బ్రెయిన్‌స్టార్మింగ్' అనే మాటకు తెలుగులో స్థిరపడిన రూపం 'మేధోమథనం'. మూలం కంటే అనువాదమే బాగా కుదిరిన మాటల్లో ఇదొకటని నా అభిప్రాయం. ఆంగ్లపదంలో ఉన్నది తుఫాను. తుఫాను వస్తుంది, పోతుంది; దానికి ఎవరూ బాధ్యులు కారు. మథనం అలా కాదు. దానికి కవ్వం కావాలి, త్రాడు కావాలి, త్రాడుకు రెండు కొసలా నిలబడి లాగే మనుషులు కావాలి. పోతన భాగవతంలో అష్టమ స్కంధం చదివినవారికి మరి రెండు సంగతులు కూడా గుర్తుంటాయి. చిలికినప్పుడు ముందుగా వచ్చింది అమృతం కాదు, హాలాహలం. ఆ తరువాత అమృతం పుట్టినా, త్రాడు లాగిన వారందరికీ అది దక్కలేదు. పదిమంది కూర్చుని ఆలోచించడం అనే పద్ధతికి ఉన్న చరిత్ర అంతా ఈ రెండు సంగతుల చుట్టూ తిరుగుతుంది. ఆ చరిత్రలో ఒక ముఖ్యమైన ఘట్టం మన సంగారెడ్డి ప్రాంతంలోనే జరిగింది.

2020 మార్చిలో దేశమంతా ఇళ్ళలో తలుపులు వేసుకున్న తరువాత, ఉద్యోగం చేసే ప్రతివారికీ ఒక దృశ్యం పరిచయమైంది. కంప్యూటరు తెరమీద పదిహేనో ఇరవయ్యో చతురస్రాలు. పైఅధికారి గొంతు సవరించుకుని, "ఎవరికైనా ఏమైనా ఆలోచనలు ఉన్నాయా?" అంటాడు. నిశ్శబ్దం. ఎప్పుడూ మాట్లాడే ఇద్దరు మాట్లాడతారు. మూడవవారు ఏదో అనబోయి, ఇంకెవరో అదే క్షణంలో నోరు తెరవగా, "మీరు చెప్పండి" "లేదు, మీరే చెప్పండి" అనుకుని ఇద్దరూ ఊరుకుంటారు. గంట గడుస్తుంది. సమావేశం చాలా ఫలవంతంగా జరిగిందని అందరికీ ఉత్తరం వస్తుంది. ఇది తెర తెచ్చిన జబ్బు అని మనం అనుకుంటాము. నిజానికి ఇది తెర కంటే ఎంతో పాతది. దీనికి మందు వెతికిన వారిలో టర్నర్లు, ఫిట్టర్లు, వెల్డర్లు ఉన్నారు.

* * *

ముందు విదేశపు కథ క్లుప్తంగా. అలెక్స్ ఓస్బోర్న్ అమెరికాలో ఒక పెద్ద ప్రకటనల సంస్థ భాగస్వామి. తన సంస్థలో సమావేశాలు జరిగే తీరు చూసి విసిగి, 1939 ప్రాంతంలో ఒక కొత్త పద్ధతి మొదలుపెట్టాడు. 1953లో వచ్చిన 'అప్లైడ్ ఇమాజినేషన్' అనే పుస్తకంలో దానిని వివరంగా వ్రాశాడు. నియమాలు నాలుగే. ఎవరి ఆలోచననూ అప్పటికప్పుడు విమర్శించరాదు. ఎంత విపరీతమైన ఆలోచననైనా రానివ్వాలి. వీలైనన్ని ఎక్కువ ఆలోచనలు పోగుచెయ్యాలి. ఒకరి ఆలోచనను మరొకరు అందుకుని మెరుగుపరచాలి.

అదే పుస్తకంలో ఆయన ఒక వింత సంగతి కూడా చెప్పాడు. భారతదేశంలో హిందూ గురువులు నాలుగు వందల యేళ్ళకు పైగా 'ప్రై-బర్షణ' అనే పేరుతో ఇటువంటి పద్ధతినే పాటిస్తున్నారట. ఆ పదం సంస్కృతం కాస్త తెలిసిన చెవికి పరాయిగానే వినిపిస్తుంది. అయినా ఒక అమెరికా వ్యాపారి తన కొత్త పద్ధతికి మన దేశంలో ఒక పూర్వీకుణ్ణి వెతుక్కోవడం ముచ్చటైన విషయమే.

ఓస్బోర్న్ చెప్పినంత మేలు ఆ పద్ధతి చేస్తుందా అని పరీక్షించినవారు త్వరలోనే బయలుదేరారు. 1958లో యేల్ విశ్వవిద్యాలయానికి చెందిన టేలర్, బెర్రీ, బ్లాక్ అనే పరిశోధకులు నలుగురేసి కలిసి కూర్చుని ఆలోచించిన బృందాలను, విడివిడిగా కూర్చుని ఆలోచించిన నలుగురి మొత్తంతో పోల్చారు. విడిగా కూర్చున్నవారి నుంచే ఎక్కువ ఆలోచనలు వచ్చాయి. కారణం చాలాకాలం స్పష్టపడలేదు. 1987లో డీల్, ష్ట్రోబ అనే ఇద్దరు జర్మనీలో చేసిన ప్రయోగాలు దానిని తేల్చాయి. ఒకరు మాట్లాడుతుంటే మిగతావారు ఆగాలి. ఆగినంతసేపూ తమ ఆలోచనను మరచిపోకుండా మనసులో పట్టుకోవాలి. అలా పట్టుకుని కూర్చున్నవాడికి రెండవ ఆలోచన పుట్టదు. కొందరికి మొదటిది కూడా జారిపోతుంది. అంటే పదిమంది కలిసి కూర్చోవడంలో దోషం లేదు, పదిమందికీ ఒకే నోరు ఉన్నట్టు వంతులు వేసుకోవడంలో ఉంది.

* * *

ఇక మన కథ. దానికి దారి అమెరికా నుంచి కాక జపాను నుంచి వచ్చింది. యుద్ధంలో ఓడి, నాసిరకం సరుకుకు పేరుపడ్డ ఆ దేశానికి 1950లో డెమింగ్, 1954లో జురాన్ అనే అమెరికా నిపుణులు వచ్చి నాణ్యత గురించి ఉపన్యసించారు. విన్నవారు ముఖ్యంగా ఇంజనీర్లు, యజమానులు. ఆ విద్యను ఫోర్‌మన్ దాకా, అతని క్రింద పనిచేసే కార్మికుని దాకా తీసుకువెళ్ళడంలో పెద్ద పాత్ర కవొరు ఇషికావాది. 1962లో ఫోర్‌మన్ల కోసం ఒక చిన్న పత్రిక మొదలయింది. ఆ పత్రికను కలిసి చదువుకోవడానికి షాపుల్లో ఏర్పడ్డ బృందాలే మొదటి క్వాలిటీ సర్కిళ్ళు. ఈ మాట నాకెంతో నచ్చుతుంది. ప్రపంచమంతా పాకిన ఒక యాజమాన్య పద్ధతికి మూలం కలిసి చదువుకోవడం. మన ఊళ్ళలో గ్రంథాలయం అరుగుమీద ఒకడు పేపరు చదువుతుంటే పదిమంది చేరి వినేవారు గదా, అటువంటిదే.

హైదరాబాదు నుంచి బొంబాయి పోయే రహదారి మీద, పటాన్‌చెరుకు ఇవతల రామచంద్రాపురం ఉంది. అప్పట్లో మెదక్ జిల్లా. 2016 అక్టోబరులో జిల్లాలు విడిపోయిన తరువాత సంగారెడ్డి జిల్లా. చెకోస్లొవేకియా సహకారంతో అక్కడ కట్టిన భారీ విద్యుత్ పరికరాల కర్మాగారం 1960లలో ఉత్పత్తి మొదలుపెట్టింది. అదే మనందరికీ తెలిసిన బి.హెచ్.ఇ.ఎల్. ఆవిరి టర్బైన్లు, జనరేటర్లు, కంప్రెసర్లు తయారయ్యే చోటు. ఆ కర్మాగారం చుట్టూ ఒక పట్టణం పెరిగింది. ఇంటిపేరు అడిగినట్టుగా "ఏ షాపు?" అని అడిగే సంస్కృతి ఒకటి ఏర్పడింది. తరువాతి దశాబ్దాలలో పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం దాకా పరుచుకున్న పారిశ్రామికవాడకు ఒక విధంగా అది తొలి మెట్టు.

అక్కడ జనరల్ మేనేజరుగా ఉన్న ఎస్.ఆర్. ఉడుప జపానులో ఈ సర్కిళ్ళను చూసి వచ్చి, 1980లో రామచంద్రాపురంలో వాటిని ప్రారంభించారు. భారతదేశంలో క్వాలిటీ సర్కిల్ ఉద్యమానికి అదే ఆరంభమని ఆ ఉద్యమ చరిత్ర చెప్పేవారందరూ ఒప్పుకుంటారు. రెండేళ్ళలో, 1982లో, సికింద్రాబాదు కేంద్రంగా క్వాలిటీ సర్కిల్ ఫోరమ్ ఆఫ్ ఇండియా ఏర్పడింది. ఆ సంస్థ నేటికీ దేశమంతటా శాఖలతో పనిచేస్తున్నది.

పద్ధతి ఇది. ఒకే రకమైన పని చేసే ఆరు నుంచి పన్నెండు మంది తమంతట తాముగా ఒక సర్కిల్‌గా ఏర్పడతారు. వారానికొక గంట కూర్చుంటారు. ఎవరినీ బలవంతంగా చేర్చరు. ఒక నాయకుడు, ఒక ఉపనాయకుడు, బయటనుంచి సాయపడే ఒక ఫెసిలిటేటర్ ఉంటారు. మొదటి పని మేధోమథనం. తమ పనిలో ఎదురయ్యే ఇబ్బందులన్నిటినీ వంతులవారీగా ఒక్కొక్కరు ఒక్కొక్కటి చొప్పున చెబుతారు. తన వంతు వచ్చినప్పుడు ఏమీ తోచకపోతే "పాస్" అనవచ్చు. చెప్పిన ప్రతిదీ, చెప్పినవాడి మాటల్లోనే, అందరికీ కనబడేటట్టు బోర్డుమీద వ్రాస్తారు. తరువాత వాటిని మూడుగా విడదీస్తారు. తమ చేతుల్లోనే పరిష్కారం ఉన్నవి 'ఎ'. ఇంకొక విభాగం సాయం కావలసినవి 'బి'. పై యాజమాన్యం నిర్ణయించవలసినవి 'సి'. 'ఎ' తో మొదలుపెడతారు. కారణాలు వెతకడానికి ఇషికావా చేపముల్లు చిత్రం వాడతారు. వెన్నెముక చివర సమస్య. రెండువైపులా ముళ్ళుగా మనుషులు, యంత్రాలు, ముడిసరుకు, పని చేసే విధానం. చివరకు తాము కనుగొన్న పరిష్కారాన్ని సర్కిల్ సభ్యులే యాజమాన్యం ఎదుట నిలబడి చెబుతారు.

ఈ చివరి అంశాన్ని తేలికగా తీసుకోకూడదు. ఇరవై యేళ్ళు లేతు ముందు నిలబడిన టర్నరు ఒకనాడు అధికారుల ముందు నిలబడి బొమ్మ గీసి వివరిస్తాడు. వారు కూర్చుని వింటారు. మన దేశంలో, అందులోనూ కులమూ హోదా కుర్చీల ఎత్తులో కూడా కనబడే మన దేశంలో, ఇది చిన్న మార్పు కాదు. కార్మికుల భాగస్వామ్యం కోసం చట్టాలు అంతకుముందే ఉన్నాయి. 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం నూరుమందికి తక్కువ కాకుండా పనిచేసే సంస్థలలో వర్క్స్ కమిటీలు పెట్టించే వీలు కల్పించింది. 1976లో రాజ్యాంగానికి చేసిన 42వ సవరణ, యాజమాన్యంలో కార్మికుల భాగస్వామ్యాన్ని ఆదేశిక సూత్రాలలో చేర్చింది. కానీ కమిటీలో కూర్చునేది ప్రతినిధి. సర్కిల్‌లో కూర్చునేది పని చేసేవాడే. ప్రతినిధి మన హక్కును చెప్పగలడు. బేరింగు ఏ వేళకు ఎందుకు వేడెక్కుతున్నదో మన బదులు అతడు చెప్పలేడు.

* * *

ఇంతవరకు చెప్పినది అమృతం సంగతి. హాలాహలం సంగతి కూడా చెప్పాలి.

ఏ బృందాన్నయినా మొదటిసారి కూర్చోబెట్టి మీ ఇబ్బందులేమిటో చెప్పమంటే ముందుగా వచ్చేవి ఉపాయాలు కావు, ఫిర్యాదులు. నీళ్ళు లేవు, ఫ్యాను తిరగదు, ఫలానా సూపర్‌వైజరు నోరు మంచిది కాదు. వాటిని విని మింగగలిగిన గొంతు ఒకటి ఆ గదిలో ఉండాలి. మింగలేని అధికారి రెండవ వారానికే "ఇవన్నీ ఇక్కడ వద్దు, నాణ్యత గురించి మాత్రమే మాట్లాడండి" అంటాడు. ఆ క్షణంలో చిలకడం ఆగిపోతుంది. తరువాత వచ్చేదంతా మర్యాద. అందరూ "పాస్" అంటారు. తెరమీది నిశ్శబ్దానికి మూలం కూడా ఇదే. మైకు మూసి ఉండడం వల్ల ఎవరూ మౌనంగా ఉండరు; వెనుకటిసారి తెరిచినప్పుడు ఏమయిందో గుర్తుండడం వల్ల ఉంటారు. భయాన్ని పారద్రోలాలని డెమింగ్ తన సూత్రాలలో ఒకటిగా పెట్టుకున్నది ఊరకే కాదు.

రెండవది, పంపకం. 1985లో అమెరికాలో లాలర్, మోర్మన్ అనే ఇద్దరు, అక్కడ వెల్లువలా వచ్చిన క్వాలిటీ సర్కిళ్ళు ఎందుకు వాడిపోతున్నాయో పరిశీలించి ఒక వ్యాసం వ్రాశారు. మొదట తేలికైన సమస్యలు తీరుతాయి, ఉత్సాహం ఉంటుంది. తరువాత తీరవలసినవి కష్టమైనవి. వాటికి డబ్బు, అధికారం కావాలి. మధ్యస్థాయి అధికారులు తమ పెత్తనానికి ఎసరని శంకిస్తారు. సర్కిళ్ళ వల్ల సంస్థకు మిగిలిన డబ్బులో తమకు వాటా ఏదని కార్మికులు అడుగుతారు. జవాబు ఉండదు. త్రాడు లాగినవారికి అమృతం దక్కని కథే ఇది. యాజమాన్యాలు ఈ పద్ధతిని సంఘాలకు పోటీగా వాడుకుంటాయేమోనని కార్మిక సంఘాలు శంకించడంలోనూ న్యాయం లేకపోలేదు. ఇత్తడి జ్ఞాపిక, గ్రూపు ఫొటో, ఒక ప్రశంసాపత్రం మంచివే. వాటితో ఎల్లకాలం ఎవరూ ఆలోచించరు.

* * *

ఈలోగా మరొకచోట యంత్రం వచ్చి చేరింది. మాటల వంతుల వల్ల వచ్చే నష్టాన్ని తప్పించడానికి 1968లో రోర్‌బాఖ్ అనే జర్మను ఒక ఉపాయం చెప్పాడు. ఆరుగురు కూర్చోవాలి. ఒక్కొక్కరు ఐదు నిమిషాలలో మూడు ఆలోచనలు కాగితం మీద వ్రాసి ప్రక్కవారికి అందించాలి. అరగంటలో 108 ఆలోచనలు. ఎవరూ నోరు విప్పరు, ఎవరూ ఎవరికోసమూ ఆగరు. 1980లలో అరిజోనా విశ్వవిద్యాలయంలో నునమేకర్ బృందం ఇదే పనిని ఒకదానితో ఒకటి కలిపిన కంప్యూటర్లతో చేయించింది. అందరూ ఒకేసారి టైపు చేస్తారు. అందరి మాటలూ అందరికీ కనబడతాయి. ఎవరిది ఏదో తెలియదు. 1990ల మొదట్లో గాలూప్ తదితరులు చేసిన ప్రయోగాలలో, నోటితో మాట్లాడే బృందం పెద్దదవుతున్న కొద్దీ ఫలితం సన్నగిల్లగా, ఈ పద్ధతిలో బృందం పెద్దదైతే ప్రయోజనం పెరిగింది. తెర నిజంగా ఇవ్వగలిగిన వరం ఇది. మనం ఆ వరాన్ని పక్కనబెట్టి, తెరమీద కూడా వంతులవారీగా మాట్లాడుకుంటూ కూర్చుంటున్నాము.

వరానికి హద్దు కూడా ఉంది. 2006లో ఐ.బి.ఎం. సంస్థ 104 దేశాల నుంచి లక్షన్నర మందిని అంతర్జాలంలో కూర్చోబెట్టి ఆలోచింపజేసింది. వచ్చిన మాటలు దాదాపు 46 వేలు. పోగుచెయ్యడానికి పట్టింది కొద్ది రోజులు. జల్లెడ పట్టడానికి ఎందరో పెద్ద ఉద్యోగులు చాలాకాలం కూర్చోవలసి వచ్చింది. అడగడం చౌక అయింది, వినడం కాలేదు.

తెర అంటే పట్నపు చదువరులదే అనుకోనక్కరలేదు. 2001లో ఇదే ఉమ్మడి మెదక్ జిల్లాలో, జహీరాబాదు ప్రాంతపు ఆల్గోలు గ్రామంలో 'ప్రజాతీర్పు' అనే సభ జరిగింది. అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వపు విజన్ 2020తో సహా వ్యవసాయపు మూడు భవిష్యత్తులను వీడియోలుగా చూపించారు. తీర్పు చెప్పినవారు చిన్న, సన్నకారు రైతులు; వారిలో ఎక్కువమంది స్త్రీలు. అక్షరం రాకపోవడం అక్కడ అడ్డు కాలేదు. చూశారు, సాక్షులను ప్రశ్నించారు, రోజుల తరబడి తర్కించారు, తమకు కావలసిన భవిష్యత్తును తామే చెప్పారు. అదే ప్రాంతంలో డక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలు 2008లో మాచనూరులో తమ సొంత రేడియోను నడపడం మొదలుపెట్టాయి. పరికరం ఎవరి చేతిలో ఉన్నది, ప్రశ్న ఎవరు వేశారు అన్నదే తేడా.

* * *

ఈ చరిత్ర నుంచి నేటి తెరమీది సమావేశానికి తీసుకోదగినవి కొన్ని ఉన్నాయి. ప్రశ్నను ముందురోజే పంపాలి, అదీ చిన్నదిగా. 'ఉత్పత్తి ఎలా పెంచాలి' అనేది ప్రశ్న కాదు. 'రాత్రి షిఫ్టులో మూడవ యంత్రం ఎందుకు ఆగుతున్నది' అనేది ప్రశ్న. మొదటి పది నిమిషాలు ఎవరూ మాట్లాడకుండా, పేర్లు లేకుండా, అందరూ ఒకే పత్రంలో వ్రాయాలి. తెలుగులో తోచినవారు తెలుగులో, హిందీలో తోచినవారు హిందీలో. కంప్యూటరు లేనివారి మాటలను ఫోనులో అడిగి, వారి మాటల్లోనే ఎక్కించాలి. అధికారి చివర మాట్లాడాలి. తరువాత రామచంద్రాపురంలో చేసినట్టు ఎ, బి, సి లుగా విడదీయాలి. అన్నిటికంటే ముఖ్యం, ప్రతి మాటకూ ఫలానా తేదీలోగా జవాబు చెప్పే బాధ్యత ఒకరి పేరున ఉండాలి. కుదరదు అనేది కూడా జవాబే. జవాబు లేకపోవడమే అవమానం.

ఇవన్నీ చేసినా ఒక ప్రశ్న మిగులుతుంది. ఆ పత్రంలో వ్రాసే అవకాశం ఎవరికి ఉంది?

1980లో సర్కిల్‌లో కూర్చున్నవాడు ప్రభుత్వరంగ సంస్థలో పర్మినెంటు ఉద్యోగి. నిజం చెప్పినందుకు మర్నాడు గేటు దగ్గర ఆపేస్తారన్న భయం అతనికి తక్కువ. ఇప్పుడు ఈ పారిశ్రామికవాడలో యంత్రం ప్రక్కన నిలబడేవారిలో చాలామంది కాంట్రాక్టరు ద్వారా వచ్చినవారు. ఒడిశా, బీహారు, ఉత్తరప్రదేశ్ నుంచి వచ్చినవారు. సమావేశపు లింకు వారికి రాదు. 2025 జూన్ 30న పాశమైలారంలో ఒక ఔషధ పదార్థాల కర్మాగారంలో పేలుడు జరిగి నలభై మందికి పైగా చనిపోయారు. వారిలో ఎందరో అలా దూరప్రాంతాల నుంచి బ్రతుకుతెరువుకు వచ్చినవారే. ఆ దుర్ఘటన కారణాలను తేల్చవలసింది విచారణలు, న్యాయస్థానాలు. ఆ పని నాది కాదు. నేను అడగదలచింది వేరు. ఈ వాడలోని వందలాది కర్మాగారాలలో ఏ రోజునైనా యంత్రం మామూలుగా లేదని ముందుగా పసిగట్టేది దాని ప్రక్కన ఎనిమిది గంటలు, పన్నెండు గంటలు నిలబడేవాడు. ఆ శబ్దంలో తేడాను అతడు ఎవరితో చెప్పుకోవాలి? ఏ భాషలో? చెబితే ఎవరు వ్రాసుకుంటారు? ఏ తేదీలోగా జవాబు వస్తుంది?

ఆ పేలుడు జరిగిన చోటు నుంచి తూర్పుగా బస్సులో కాసేపు ప్రయాణం చేస్తే, కార్మికులు చెబితే అధికారులు కూర్చుని వినాలన్న పద్ధతి ఈ దేశంలో మొదటిసారి నిలబడిన చోటు వస్తుంది. నలభై అయిదేళ్ళ క్రిందట అక్కడ కావలసివచ్చింది వారానికొక గంట, ఒక బల్ల, ఒక బోర్డు, ఒక సుద్దముక్క. ఇప్పుడు ప్రతి చేతిలోనూ ఫోను ఉంది. ఆ గంట మాత్రం దొరకడం లేదు.